ఎర్ర బంతికి రెండు మోకులు

పొద్దున్నే రేడియో ముందు కూర్చోగానే గాడ్‌ఫ్రేకి ఇంకో గొంతొస్తుంది. అది భార్యతో మాట్లాడే గొంతు కాదు, రమ్ము కొట్లో గొణిగే గొంతూ కాదు. నిండుగా, నింపాదిగా, కాస్త చక్కెర కలిపినట్టుగా ఉంటుంది.

“శుభోదయం పెల్హామ్ బే. మీ కంట్రోలర్, పెట్రెల్. ఎవరికైనా ప్రాణం మీదికొచ్చిన అవసరం ఉంటే ముందు వాళ్ళు మాట్లాడండి.”

ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. ఎప్పుడూ రాదు. అయినా గాడ్‌ఫ్రే మైకు ఛాతీకి ఆనించుకుని, కళ్ళు సగం మూసుకుని ఆగుతాడు, ఎవరైనా చావుబతుకుల్లో ఉంటే తన దగ్గరికే రావాలన్న ఆశతో. భార్య హెస్టర్ ఆయన మోకాళ్ళ మీదుగా చెయ్యి చాపి ఐసుపెట్టె మూత తెరిచి పాలు తీసుకుంది. వాళ్ళ పడవ పెట్రెల్‌లో ఐసుపెట్టె రేడియో బల్ల కిందే ఉంటుంది. ఆయన లేస్తే ఆమె పని సులువవుతుంది. ఆయన లేవడు. రెండు మోకాళ్ళూ ఒక పక్కకి వాల్చి, అదే పెద్ద ఉపకారమన్నట్టు చూస్తాడు.

దీవి ఒడ్డున సముద్రం వంపు తిరిగిన ఆ బేలో ఆగిన తెరచాప పడవలన్నీ రోజూ ఈ రేడియో సభకి హాజరవుతాయి. వాతావరణం ఎలా ఉంది, ఎవరి దగ్గర పాత పంపు మిగిలింది, ఎవరికి కోడిగుడ్లు కావాలి, సాయంత్రం ఎవరి పడవలో మందు, ఇవీ అక్కడి సంగతులు. సభలో మనుషులకి పేర్లుండవు, పడవలకే ఉంటాయి. పెట్రెల్ అంటే గాడ్‌ఫ్రే. హెస్టర్‌ని పెట్రెల్ గారావిడ అంటారు. మొదట్లో సభ నడిపే కంట్రోలర్ పని వంతులవారీగా సాగేది. గాడ్‌ఫ్రే ఒకసారి మైకు పట్టుకున్నాక తిరిగి ఇవ్వలేదు. మిగతావాళ్ళకి బద్ధకం, ఆయనకి సరదా, అలా స్థిరపడిపోయింది.

కొండ మలుపు అవతల ఆగిన పడవలకి చిన్న రేడియోల మాట అందదు. అప్పుడు కంట్రోలర్ ఆ మాటని ఉన్నదున్నట్టు తిరిగి చెప్పాలి. అది ఇక్కడి కట్టుబాటు. గాడ్‌ఫ్రేకి అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అదే. కోలిబ్రి పడవ మీద ఉండే యానిక్ అనే ఫ్రెంచివాడు ఆ రోజు, తన దగ్గర ఒక సంచి ఉల్లిపాయలు ఎక్కువున్నాయనీ, సగం కుళ్ళకముందే ఎవరైనా వచ్చి పట్టుకుపొమ్మనీ గొణిగాడు. గాడ్‌ఫ్రే దాన్ని రాజశాసనంలా చదివాడు. ఉల్లిపాయల రంగు కూడా వదల్లేదు.

సభ ముగిశాక మైకు కొక్కేనికి తగిలించి, “ఈ పూట ఇయాంతీ బంతి తీసుకుందాం” అన్నాడు. “మన లంగరు గొలుసుకి కాస్త విశ్రాంతి ఇవ్వాలి.”

గొలుసుకి విశ్రాంతి ఏమిటో హెస్టర్‌కి తెలుసు. రెండు మూడు రోజులుగా వాళ్ళ లంగరు నీళ్ళడుగు గడ్డిలో పట్టు దొరక్క కొంచెం కొంచెంగా జారుతోంది. పొద్దున లేచేసరికి ఒడ్డు మీద చర్చి గోపురం కొత్త చోట కనిపిస్తోంది. లంగరు జారడం గాడ్‌ఫ్రే ఇంటావంటా లేదు కాబట్టి గొలుసు అలిసిపోయింది. ఆమె సరేనని గిన్నెలు కడిగింది.

ఒడ్డున ఉండే మిస్ ఇయాంతీకి బేలో అద్దెకిచ్చే ఎర్ర బంతులు అయిదున్నాయి. ఒక్కో బంతి కింద గొలుసు, గొలుసు చివర నీళ్ళడుగున సిమెంటు దిమ్మ, బంతికి కాస్త కిందే మోకు దూర్చుకోవడానికి లావుపాటి ఇనుప ఉంగరం. పడవని లంగరుకి బదులు దానికి కట్టుకోవచ్చు. గాడ్‌ఫ్రే సాయంత్రం బయల్దేరాడు, అందరూ గ్లాసులు పట్టుకుని పడవల మీద కూర్చునే వేళకి. వచ్చేపోయే పడవల తిప్పలు చూసి నవ్వుకోవడం ఈ బేలో రోజువారీ వినోదం. హెస్టర్ కూడా ఎన్నోసార్లు నవ్వింది.

ఆమె పడవ ముక్కు మీద మోకరిల్లి, రెండు మోకులు చుట్ట చుట్టి సిద్ధంగా పెట్టుకుంది. కొక్కెం కర్రతో బంతిని పట్టుకుని ఉంగరాన్ని పైకి లాగింది. వెనక చుక్కాని దగ్గర్నుంచి గాడ్‌ఫ్రే కేకేశాడు.

“ఒకటి చాలు. ఉంగరంలోంచి దూర్చి ఆ కొస కూడా వెనక్కి తెచ్చి కట్టెయ్.”

“ఒక్కదాన్నే అలా దూరిస్తే అటూ ఇటూ ఊగి అరిగిపోతుంది.”

“వెళ్ళేప్పుడు ఒక కొస వదిలేస్తే సరిపోతుంది. నువ్వు వంగక్కర్లేదు. నీ నడుం కోసమే చెప్తున్నా.”

“రెండూ సిద్ధంగానే ఉన్నాయి, గాడ్‌ఫ్రే.”

“హెస్టర్. జనం చూస్తున్నారు.”

ఆమె రెండో మోకుని పక్కకి నెట్టి ఒకదాన్నే దూర్చింది. కుడి కొస పడవ ముక్కున కుడి వైపు తాడు కట్టే ఇనుప కొమ్ముకి, ఎడమ కొస ఎడమ వైపు కొమ్ముకి చుట్టి బిగించింది. గాలికి పడవ తల ఊపినప్పుడల్లా మోకు ఉంగరంలో రంపంలా కదలడం మొదలెట్టింది. తెగితే తెగనీ, ఈయనకి బుద్ధొస్తుంది అనుకుంది. ఆ మాట అనుకోవడంలో ఒక తియ్యదనం ఉంది. పెళ్ళయిన కొత్తలో ఆమె కోప్పడేది, తర్వాత ఏడ్చేది, ఇప్పుడు ఇలా అనుకుంటుంది. ఇదే అన్నిటికంటే సుఖంగా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం వాళ్ళు ఒడ్డున రమ్ము కొట్లో శంఖం మాంసం కూర, పనస లాంటి బ్రెడ్‌ఫ్రూట్ వేపుడు తింటూ ఉండగా గాలివాన వచ్చింది. కొండ వెనకనుంచి నల్లగా లేచి, రేకుల కప్పు మీద కాసేపు చితక్కొట్టి, వచ్చినంత త్వరగా పోయింది. గాడ్‌ఫ్రే అంతసేపూ పక్క బల్ల వాళ్ళకి గాలివానలో పడవని ఎలా కాపాడుకోవాలో చెబుతూనే ఉన్నాడు. వాన వెలిసి చూస్తే ఎర్ర బంతి ఉన్నచోటే ఉంది. పెట్రెల్ లేదు.

పక్క బల్ల వాళ్ళు కూర మీదికి తలొంచుకున్నారు.

కాసేపటికి మడ చెట్ల వైపునుంచి మిస్ ఇయాంతీ తన నీలం చెక్క పడవలో పెట్రెల్‌ని లాక్కుంటూ వచ్చింది. పెద్ద మనిషి, తల మీద మగవాళ్ళ టోపీ, ఒక చేత్తో ఇంజను, ఇంకో చేతిలో తాడు. వానకి ఒళ్ళంతా తడిసి ముద్దయింది.

“కెప్టెన్ గారూ, నీ పడవ షికారుకెళ్ళింది. మడ బురదలో దిగబడి పీతల్ని పలకరిస్తుంటే పట్టుకొచ్చా. పక్కన కాస్త గీసుకుంది, ప్రాణానికేం ఢోకా లేదు.”

గాడ్‌ఫ్రే కృతజ్ఞతలు చెప్పలేదు. పడవెక్కి తిన్నగా ముక్కు దగ్గరికెళ్ళాడు. మోకు సరిగ్గా మధ్యలో తెగింది. రెండు ముక్కలూ అటొకటి ఇటొకటి వేలాడుతున్నాయి, కొసలు పాత చీపురులా విచ్చుకుని. వాటిని చూశాడు, తర్వాత చుట్టూ పడవల్ని చూశాడు. గబగబా రెండు ముక్కల్నీ పైకి లాగేసుకున్నాడు.

ఆ సాయంత్రం బేలో ఇంకో మూలకి పోయి మళ్ళీ లంగరే వేశారు. గాడ్‌ఫ్రే మెట్ల మీద కూర్చుని చాకుతో చీపురు కొసల్ని కోసి సముద్రంలో పడేశాడు. కోసిన చోట్లని లైటరుతో కాల్చి, తడి వేళ్ళతో నొక్కి నునుపు చేశాడు. ఆ పని ఆయనకి బాగా వచ్చు. చూస్తే ఎప్పట్నుంచో అక్కడ రెండు పొట్టి మోకులే ఉన్నట్టుంది.

“ఆవిడ ఉంగరం చూశావా?” అన్నాడు తలెత్తకుండా. “తుప్పు. అంచులు చాకులా ఉన్నాయి.”

హెస్టర్ టీ పోస్తోంది.

“మన మోకు కాబట్టి ఆ మాత్రమైనా ఆగింది. వేరేవాళ్ళదైతే మొదటి రోజే తెగేది.”

“చక్కెర?” అంది ఆమె.

“ఒక చెంచా. ఇలాంటివి నలుగురికీ చెప్పాలి. అది మన బాధ్యత.”

అబద్ధం ఎలా పుడుతుందో, ఎలా కాళ్ళు చాపుతుందో దగ్గర్నుంచి చూడటం ఆమెకి భలే తమాషాగా ఉంది. ఆయన ముందు తనకి తాను చెప్పుకున్నాడు, తర్వాత ఆమెకి చెప్పాడు. టీ చల్లారేసరికి నమ్మేశాడు కూడా. ఇంత మనిషి ఇంత చిన్నవాడా అని హెస్టర్ కప్పు వెనక నవ్వుకుంది.

మర్నాడు సభలో చక్కెర గొంతు ఇంకాస్త చిక్కబడింది. “ఎవర్నీ నిందించడం నా ఉద్దేశం కాదు. కానీ ఎర్ర బంతుల కింద ఉంగరాలు తుప్పు పట్టి ఉన్నాయి. మా మోకు కళ్ళముందే కోసుకుపోయింది. వాటికి కట్టుకున్నవాళ్ళు ఆలోచించుకోండి. నేను చెప్పేది అంతే.”

కాసేపు గుసగుసలు. తర్వాత ఒక బరువైన ఆడగొంతు వచ్చింది.

“కంట్రోలర్, నేను ఇయాంతీని. ఆ ఉంగరాల గురించి నేను కూడా ఓ మాట చెప్పాలి.”

గాడ్‌ఫ్రే మైకుని కొంచెం దూరంగా జరిపి పట్టుకున్నాడు, అవతలి మనిషి వాసన తగులుతున్నట్టు. “ఏ పడవ?”

“పడవేంటి? ఇయాంతీని. ఒడ్డునుంచి మాట్లాడుతున్నా. నీ పడవని లాక్కొచ్చినదాన్ని.”

“ఇది పడవలవాళ్ళ సభ, మేడమ్. వ్యాపార ప్రకటనలకి చివర్లో సమయమిస్తాం. ఆగండి.”

ఆమె ఆగింది. పాత పంపు సంగతి వచ్చింది, యోగా తరగతి వచ్చింది, ఎవరిదో తప్పిపోయిన చెప్పు కూడా వచ్చింది. “ఇంతటితో సభ ముగిసింది, అందరికీ శుభదినం” అని గాడ్‌ఫ్రే మీట తిప్పేశాడు. రేడియో దీపం ఆరిపోయింది. ఆయన చెయ్యి చాపితే హెస్టర్ కప్పు అందించింది. ఈసారి ఆమెకి నవ్వు రాలేదు, కానీ కప్పు మాత్రం అందించింది.

ఆ పూటే ఎర్ర బంతుల మీదనుంచి పడవలు ఒక్కొక్కటీ కదిలాయి. ఒకడు వెళ్తే అందరూ వెళ్ళాలి, సముద్రాలు దాటొచ్చిన ధీరుల తీరు అదీ. ఎవరూ నీళ్ళలోకి దిగి ఒక్క ఉంగరమైనా చూడలేదు. మధ్యాహ్నానికి అయిదు బంతులూ ఖాళీగా తేలుతున్నాయి.

బుధవారాలు గాడ్‌ఫ్రే రమ్ము కొట్టు ముందు, ఇసుకలో, కొత్తగా వచ్చినవాళ్ళకి తాళ్ళ ముళ్ళూ కట్లూ నేర్పుతాడు. నేర్పేది నోటితో. చేతులు హెస్టర్‌వి. ఆయన చెబుతుంటే ఆమె ఒక గుంజకి మోకు చుట్టి చూపించాలి. ఆ బుధవారం జనం ఎక్కువొచ్చారు, ప్రమాదం నుంచి బయటపడ్డ మనిషిని చూద్దామని.

“బంతికి కట్టేటప్పుడు ఎప్పుడూ రెండు మోకులు,” అన్నాడు గాడ్‌ఫ్రే. “కుడికొకటి, ఎడమకొకటి. ఒక్కటే దూర్చి కట్టే బద్ధకస్తుల్ని కూడా చూశాను. హెస్టర్, చూపించు.”

హెస్టర్ ఆయన మొహం చూసింది. అక్కడ బెరుకు లేదు, బింకం లేదు. నిమ్మకు నీరెత్తినట్టున్నాడు. ఆమె వంగి కుడికొకటి, ఎడమకొకటి కట్టింది. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆయన అందుకున్నాడు.

అక్కణ్ణుంచి ఆమె రొట్టె కొనడానికని లేచింది. దారిలో తన ఇంటి అరుగు మీద మిస్ ఇయాంతీ చేపలు కోస్తూ కనిపించింది. పక్కన చిన్న రేడియో. చూడనట్టు వెళ్ళిపోదామనుకుంది హెస్టర్.

“పెట్రెల్ గారావిడా. ఇలా రా.”

వెళ్ళింది. ఇయాంతీ చేతులు కడుక్కుని, ఏమీ చెప్పకుండా ఆమెని నీలం పడవ ఎక్కించింది. ఖాళీ బంతి దగ్గర ఇంజను ఆపి, రెండు చేతులా గొలుసు లాగి ఉంగరాన్ని పడవ అంచు మీద పెట్టింది. పెట్రెల్ కట్టిన ఉంగరమే.

“మెడలో ఆ పట్టుగుడ్డ ఇటివ్వు.”

హెస్టర్ రుమాలు విప్పి ఇచ్చింది. ఇయాంతీ దాన్ని ఉంగరంలోంచి దూర్చి అటూ ఇటూ నాలుగైదుసార్లు గట్టిగా లాగింది, వీపు రుద్దినట్టు. తర్వాత ఆమె ఒళ్ళో పడేసింది.

“ఒక్క పోగు లేచిందేమో చూసుకో.”

లేవలేదు. హెస్టర్ ఉంగరం లోపలి అంచుని బొటనవేలితో తడిమింది. పింగాణీ కప్పులా నున్నగా ఉంది.

“నాకు తెలుసు,” అంది.

“నీకు తెలుసని నాకూ తెలుసు. తెలియనిదానివైతే నీతో నాకేం పని? ఆ సాయంత్రం నేను అరుగు మీదే ఉన్నా. నువ్వు రెండు తాళ్ళు చుట్ట చుట్టి పెట్టుకున్నావు, ఒకటి కట్టావు.”

“ఆయన సంగతి మీకు తెలీదు. ఆయనతో వాదించి లాభం లేదు, నేనెప్పుడో మానేశాను. మనసులో నవ్వుకుని ఊరుకుంటాను.”

ఇయాంతీ ఉంగరాన్ని నీళ్ళలోకి వదిలింది.

“నవ్వుకో తల్లీ, బాగా నవ్వుకో. మీ ఆయన అబద్ధమాడాడు, దానికాయన కనీసం నోరు తెరవాల్సొచ్చింది. నీకా కష్టం కూడా లేదు. కూర్చున్నచోట కూర్చున్నావు. ఆయనకంటే నువ్వు మెరుగని నీకెవరు చెప్పారు?”

హెస్టర్ రుమాలు మళ్ళీ మెడకి కట్టుకుంది.

“ఇంకో వారంలో ఈ కబురు పక్క దీవులన్నీ తిరుగుతుంది. పడవలవాళ్ళ నోళ్ళు నీకు తెలియనివా? ఈ బంతులు పోతే నేను గ్రెనడా దీవికి పోయి హోటల్లో పక్కలు దులపాలి. ఈ వయసులో, నీలాంటివాళ్ళ పక్కలు.” ఇంజను తాడు లాగింది. “దిగేప్పుడు జాగ్రత్త. మళ్ళీ నువ్వు జారిపడితే నా పడవకి తుప్పంటారు.”

రొట్టె కొనడం హెస్టర్ మరిచిపోయింది. ఆ రాత్రి గాడ్‌ఫ్రే బిస్కెట్లతో సూపు తాగుతూ రొట్టె లేకపోవడం గురించి చాలాసేపు మాట్లాడాడు. ఆమె ఎప్పటిలాగే లోపల నవ్వుకోబోయింది. నవ్వు అందలేదు. ఇన్నేళ్ళూ తను ఆయన్ని పైనుంచి చూస్తున్నాననుకుంది. ఆ అరుగు మీదనుంచి చూసిన మనిషికి ఇద్దరూ ఒకే ఎత్తులో కనబడ్డారు.

పొద్దున గాడ్‌ఫ్రే ఇంకా గడ్డం గీసుకుంటుండగానే ఆమె చేతిరేడియో జేబులో వేసుకుని, రబ్బరు పడవలోకి దిగి తెడ్లు వేసింది. “ఎక్కడికి? టీ?” అన్న మాట వెనకనుంచి వినిపించింది. ఆమె ఎర్ర బంతి దగ్గరికెళ్ళింది. అంత చిన్న రబ్బరు పడవకి ఒక సన్నతాడు చాలు. అయినా కుడికొకటి, ఎడమకొకటి కట్టి కూర్చుంది.

సభ మొదలైంది. ప్రాణాపాయాలు లేవు. వాతావరణానికి ముందు, “ఇంకెవరైనా?” అని అడిగాడు గాడ్‌ఫ్రే.

ఆమె మీట నొక్కింది. “కంట్రోలర్, హెస్టర్‌ని.”

నీళ్ళ మీదుగా పెట్రెల్ లోపలినుంచి ఏదో గిన్నె పడిన చప్పుడు వచ్చింది.

“ఏ పడవ?” అంది చక్కెర గొంతు, అలవాటు కొద్దీ.

“పడవ లేదు. ఎర్ర బంతి దగ్గర్నుంచి మాట్లాడుతున్నా. పెట్రెల్ మోకు తెగింది ఇయాంతీ ఉంగరం వల్ల కాదు. ఉంగరం నున్నగా ఉంది, నేను చేత్తో తడిమి చూశాను. రెండు మోకులు కట్టాల్సిన చోట ఒకటే కట్టాం. ఒకటి చాలన్నది గాడ్‌ఫ్రే. అరిగి తెగుతుందని తెలిసి కూడా కట్టింది నేను. ఇన్ని రోజులూ నోరెత్తనిదీ నేనే. అంతే.”

మీట వదిలింది. రేడియో బుసలు కొట్టింది. గాడ్‌ఫ్రే ఏమీ వినపడనట్టు తర్వాతి సంగతిలోకి వెళ్ళిపోతాడని ఆమెకి తెలుసు. ఆయన అప్పుడే గొంతు సవరించుకున్నాడు కూడా. కానీ కొండ మలుపు అవతలనుంచి కెనడా పడవ సెకండ్ విండ్ అడ్డొచ్చింది.

“పెట్రెల్, సెకండ్ విండ్. ఇప్పుడు మాట్లాడిందెవరు? మాకు ఒక్క ముక్క వినపడలేదు. తిరిగి చెప్పండి.”

“మాకూ వినపడలేదు,” అన్నారు ఇంకెవరో.

“ఆ... సమాచారం ఏంటంటే,” అన్నాడు గాడ్‌ఫ్రే, “మొన్నటి మోకు విషయంలో చిన్న పొరపాటు జరిగి ఉండొచ్చని. ఇక వాతావరణం చూస్తే, తూర్పు గాలి...”

“కంట్రోలర్, కోలిబ్రి.” యానిక్ ముక్కుగొంతు ఎంతో మర్యాదగా ఉంది. “నేను దగ్గర్లోనే ఉన్నా, నాకు మొత్తం వినపడింది. ఉన్నదున్నట్టు చెప్పడం కదా మన కట్టుబాటు? నా ఉల్లిపాయల్ని మీరు రంగుతో సహా చెప్పారు.”

ఎవరో మీట నొక్కి నవ్వారు. తర్వాత నవ్వు కూడా ఆగింది. బే మొత్తం వింటోంది.

గాడ్‌ఫ్రే చెప్పాడు. ఉంగరం నున్నగా ఉందని చెప్పాడు. రెండు కట్టాల్సిన చోట ఒకటే కట్టామని చెప్పాడు. ఒకటి చాలన్నది ఎవరో చెప్పేముందు చాలాసేపు ఆగాడు, అది కూడా చెప్పాడు. ఆ మాటలు హెస్టర్‌కి రెండుసార్లు వినిపించాయి, చేతిలో రేడియోలోంచి ఒకసారి, నీళ్ళ మీదుగా ఒకసారి. అది సభలో గొంతు కాదు. రమ్ము కొట్లో గొణిగే గొంతూ కాదు. వాళ్ళ పడవలో ఆమె ఇన్నేళ్ళూ ఒక్కతే వింటూ వచ్చిన గొంతు, ఇప్పుడు అందరూ విన్నారు.

ఆ రోజు వాతావరణం యానిక్ చదివాడు.

హెస్టర్ అక్కడే కూర్చుంది. ఎక్కడికి పోవాలో తోచలేదు. ఎండెక్కేసరికి నీలం పడవ వచ్చింది. ఇయాంతీ మొహంలో మెచ్చుకోలు లేదు.

“ఇంకా ఎంతసేపు కూర్చుంటావు? ఊరికే కట్టుకోవడానికి ఇదేం ధర్మసత్రం కాదు. విప్పు. సెకండ్ విండ్ వాళ్ళు వస్తున్నారు.”

హెస్టర్ ఒక తాడు విప్పింది, రెండోది విప్పింది.

“ఎక్కడికి బయల్దేరావు?” అంది ఇయాంతీ. “ఆ ఉంగరం పైకెత్తి పట్టుకో. నడుం వంచడం నీకు కొత్తేం కాదుగా.”

హెస్టర్ తడి ఉంగరాన్ని ఒళ్ళో పెట్టుకుంది. సెకండ్ విండ్ నెమ్మదిగా దగ్గరికొచ్చింది. వెనక చుక్కాని దగ్గర ఎండకి ఎర్రగా కమిలిన మొగుడు. ముందు ముక్కు మీద మోకాళ్ళూని సన్నపాటి భార్య, చేతిలో ఒక మోకు, పక్కన చుట్ట చుట్టి ఇంకోటి. మొదటి కొస వంగి అందించింది. హెస్టర్ దాన్ని దూర్చి తిరిగి ఆమె చేతికిచ్చింది. అది వెళ్ళి కుడి కొమ్ముకి చుట్టుకుంది.

“ఇక చాల్లే, పదిలంగానే ఉంది,” అని వెనకనుంచి మొగుడు కేకేశాడు. “రెండోది అక్కర్లేదు.”

ఆ సన్నపాటి ఆడమనిషి చెయ్యి గాల్లో ఆగిపోయింది. హెస్టర్ ఉంగరాన్ని వదల్లేదు. తలెత్తి ఆమె కళ్ళలోకే చూస్తూ చెయ్యి చాపింది.

“నీ పేరేంటమ్మా?”

“మొయిరా.”

“రెండోది ఇలా ఇవ్వు, మొయిరా.”

మొయిరా వెనక్కి తిరిగి చూడకుండా మోకు విసిరింది.